ఖాళీ గడిలో జెస్సికా

"గదుల కబ్జాకోరు జెస్సికా!"

"డౌన్ డౌన్!"

"దొంగ అలాట్‌మెంట్లు!"

"బంద్ చేయాలె!"

కొత్త లేడీస్ హాస్టల్ గేటు ముందు ఆ పొద్దున అందరికన్నా పెద్ద గొంతు నిరోషది. మైకు విద్యార్థి యూనియన్ దిలీప్ తెచ్చాడు గానీ ఆమెకు దాంతో పనిలేదు. ఎం.సి.ఎ. చివరి ఏడాది. జనగామ దగ్గరి పల్లె. తార్నాక గల్లీలో ఒక గదిలో ముగ్గురితో కలిసి పడుకుంటుంది. ఒకరు పక్కకు తిరగాలంటే మిగతా ముగ్గురూ తిరగాలి. హాస్టల్ రెండో విడతలో ఆమె పేరుంది. అంటే ఇవాళ పొద్దుటి దాకా ఆశ ఉంది.

పొద్దున హాస్టల్ వెబ్‌సైటులో జాబితా పెట్టారు. కొత్త బ్లాకులో డెబ్బై గదులు, గదికి ఒక్కరు. మొదటి విడతలో ముప్పై ఏడు మందికి ఇస్తాం, మిగిలినవి రెండో విడతకు ఉంచుతాం అని కమిటీ ముందే చెప్పింది. జాబితా తెరిచి చూస్తే మిగలాల్సిన గదులు మిగల్లేదు. ఒకటో గది జెస్సికా. రెండు నుంచి ముప్పై ఏడు దాకా తలా ఒకరు. ముప్పై ఎనిమిది జెస్సికా. ముప్పై తొమ్మిది జెస్సికా. నలభై జెస్సికా. అట్లా అరవై నాలుగు దాకా ఒకటే పేరు.

జెస్సికా కెమిస్ట్రీలో పరిశోధక విద్యార్థిని. తెనాలి పిల్ల. తండ్రి జ్ఞానప్రకాశం అక్కడ చర్చి ఆఫీసులో గుమాస్తా. టిఫిన్ వేళకల్లా క్యాంపస్‌కు ఇదంతా తెలిసిపోయింది. ఇంకా చాలా తెలిసిపోయింది. చర్చి వాళ్ళు గదులు కొనేశారట. అటువైపు నుంచి, అంటే ఆంధ్ర నుంచి, అమ్మాయిలను బస్సులో దింపుతారట. ఎవరు చెప్పారని అడిగితే ప్రతివాడూ పక్కవాణ్ణి చూపించేవాడు. అడిగినవాడు లేడు కాబట్టి అదీ జరగలేదు.

హాస్టల్ మేట్రన్ రూతు మేడమ్‌ది కూడా అటువైపే. జెస్సికా వెళ్ళే ప్రార్థనకే ఆమె కూడా వెళ్తుంది. ఇద్దరూ ఒకటే అంటారని ఆమెకు భయం పుట్టింది. అందుకని ఎవరూ చెప్పకముందే, పొద్దున్నే ఒకటో గదిలో దింపుకున్న జెస్సికా సూట్‌కేసు తానే బయట పెట్టించింది. గదికి తాళం వేసింది. తెనాలికి ఫోన్ చేసి, "మీ అమ్మాయి మోసం చేసి దొరికింది, వచ్చి తీసుకెళ్ళండి" అని జ్ఞానప్రకాశానికి చెప్పింది. భయపడ్డ మనిషి చేసే పని ఇంతే. పైవాడు కొట్టకముందే కిందివాణ్ణి కొట్టి చూపిస్తుంది.

జెస్సికా సూట్‌కేసు ఈడ్చుకుంటూ గేటు దగ్గరకు వచ్చింది. నిరోష సరిగ్గా గేటుకు అడ్డంగా నిలబడి ఉంది.

"కాస్త జరగండి" అంది జెస్సికా.

"ఏడికి పోతున్నవ్? ఇరవై ఎనిమిది గదులున్నయి కదనే నీకు. ఒక్కదాంట్ల పండుకో పో!"

గుంపు నవ్వింది. దిలీప్ మైకులో కూడా నవ్వాడు.

"నాకు తెలిసింది ఒక్క గదేనండీ. దానికే ఇప్పుడు తాళం పడింది. జరగండి."

"ఎవ్వలు జరగరు. ముందుగాల జవాబు చెప్పు. ఎవడిచ్చిండు నీకు గిన్ని?"

"ఇచ్చినవాణ్ణి మీరు అడగండి. లోపల ఏసీలో కూర్చున్నాడు. నన్ను అడగడం తేలిక కాబట్టి నన్ను అడుగుతున్నారు."

"ఓయబ్బో, మాటలు బాగ నేర్చినవ్."

"మీ పేరేంటండీ?"

"నిరోష. రాసుకో."

"అక్కర్లేదండీ. గుర్తుంటుంది."

జెస్సికా ఇంకోసారి అడగలేదు. గేటు పక్కన ముళ్ళకంచె తెగిన చోట సూట్‌కేసు ముందు తోసి, వెనక తను దూరి బయటపడింది. కంచె ఆమె దుపట్టా కొస పట్టుకుంది. లాగితే చిరిగింది. వెనక్కి చూడలేదు. గుంపు చప్పట్లు కొట్టింది. నిరోష కూడా కొట్టింది.

క్యాంటీన్‌లో టీ తాగుతుంటే దిలీప్ అన్నాడు.

"అంత బాగనే ఉన్నది గని, ఒక్కటి సమజ్ కాలె. గదులు డెబ్బై కదా. మింగేటామె అన్ని మింగాలె. అరవై నాలుగు కాడ ఎందుకు ఆగింది? ఆరు గదులు మనకు ఖైరాత్ ఇచ్చిందా?"

"పాపం, కడుపు నిండిందేమో" అంటూ నిరోష నవ్వింది. నవ్వు సగంలోనే ఆగింది. "ఎంత కాడ ఆగిందన్నవ్?"

"అరవై నాలుగు. నువ్వే కదనే పొద్దటి సంది ఒర్రుతున్నవ్."

నిరోష టీ గ్లాసు కింద పెట్టింది. ముప్పై రెండు నిండితే అరవై నాలుగు. ముప్పై ఏడు మంది ఎక్కితే అరవై నాలుగు గడులు. ఆ లెక్క ఆమెకు కొత్త కాదు. ఆమె రాసిందే.

కిందటేడు కాలేజీలో ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతి చెప్పడానికి వచ్చిన మాస్టారు రెండు క్లాసులు చెప్పి మాయమయ్యాడు. మిగతాది నిరోష తనంతట తానే కొట్టుకుని నేర్చుకుంది. నేర్చుకున్న పొగరులో ఒక చిన్న లైబ్రరీ రాసింది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు. ఇతరులు తమ ప్రోగ్రాముల్లో తెచ్చి వాడుకునే పనిముట్ల సంచీ. ఆమె సంచీలో ఉన్నది ఒకటే పనిముట్టు: పెరిగే వరుస. మామూలు వరుసకు గడులు ముందే తేల్చి చెప్పాలి. దీనికి అక్కర్లేదు. నిండిందంటే తనే రెండింతలు గడులున్న కొత్త చోటు వెతుక్కుని అందరినీ అక్కడికి మారుస్తుంది. పదహారు నిండితే ముప్పై రెండు. ముప్పై రెండు నిండితే అరవై నాలుగు.

దానికి ఆమె పెట్టిన పేరు 'జరుగు'. ఉప్పల్ నుంచి తార్నాక మీదుగా వచ్చే బస్సులో కండక్టర్ పొద్దంతా అరిచే మాట. ఎంత నిండినా ఇంకొకరిని ఎక్కించే మాట.

అంతవరకు బాగానే ఉంది. చిక్కు ఖాళీ గడులతో వచ్చింది. ఆమె రాసిన ప్రోగ్రామింగ్ భాషకు పట్టింపు ఎక్కువ. మనుషుల వరుస అని చెప్పాక ప్రతి గడిలోనూ మనిషే ఉండాలి. ఏమీ లేకుండా వదిలేస్తానంటే ఒప్పుకోదు. "ఇక్కడ ఎవరో ఉండొచ్చు, ఉండకపోవచ్చు" అని ఒక్కో గడికి విడిగా డబ్బా కట్టొచ్చు. కడితే కొంచెం నెమ్మది అవుతుంది. నిరోషకు నెమ్మది అంటే ఒళ్ళు మంట. అందుకని అడ్డదారి పట్టింది. ముందుగా వచ్చినవాళ్ళ పేరే తీసి ఖాళీ గడులన్నింటిలో నింపేసింది. ఎవరు చూస్తారు? వరుస పొడవు ఎంతో అక్కడిదాకానే చూపిస్తుంది. దాని అవతల ఉన్నది లోపలి సంగతి.

మళ్ళీ ఒక దొడ్డి తలుపు కూడా పెట్టింది. తొందరగా పని కావాలనుకునేవాళ్ళు నేరుగా లోపలి గడుల్లోకి దూరొచ్చు. తలుపు మీద ఒక ముక్క రాసింది: పొడవు దాటి చూడొద్దు, అక్కడున్నది నిజం కాదు.

ఎవరో ఆ తలుపులోంచి దూరి లోపలి అరవై నాలుగు గడులనూ గదులుగా చూపించారు. ముందుగా దరఖాస్తు పెట్టింది జెస్సికా. అంతే. ఆ పిల్ల చేసిన నేరం అంతే.

నిరోష లేచింది. "దిలీప్, మైకు బంద్ చెయ్యి. రేపు కూడా తేవద్దు."

"గట్లెట్ల? రేపు ఎంక్వయిరీ ఉన్నది. సుదర్శన్ సార్ సెమినార్ హాల్ల అందరి ముంగట పెడుతున్నడు. రేపే కదా అసలు లొల్లి."

"లొల్లి నేను చేస్త తియ్యి."

హాస్టల్ కంప్యూటర్ పని అంతా ప్రణీత్‌ది. ప్రొఫెసర్ సుదర్శన్ దగ్గర పరిశోధన చేస్తాడు. సుదర్శన్ హాస్టల్ కమిటీకి ఛైర్మన్. ల్యాబులో ప్రణీత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు. నిరోష వాటిని తలమీంచి లాగి టేబుల్ మీద పడేసింది.

"జరుగు వాడినవా అలాట్‌మెంట్ల?"

"ఏ, మెల్లగ. అవి కొత్తవి."

"వాడినవా?"

"వాడిన. ఫ్రీగనే పెట్టినవ్ కదా నెట్‌ల."

"దొడ్డి తలుపు కెల్లి దూరినవా?"

ప్రణీత్ ఒక క్షణం కుర్చీలో ఇటు అటు తిరిగాడు. "స్పీడ్ కోసం."

"ముప్పై ఏడు పేర్లకు ఏం స్పీడ్ రా నీకు? గుర్రం ఎక్కి గడప దాటుతవా?"

"నువ్వే ఇచ్చినవ్ ఆ తలుపు. ఇచ్చినందుకే దూరిన."

"పొడవు దాటొద్దని రాసిన గదా, సదవలేదా?"

"ఎవడు చదువుతడు నిరోషా అవన్ని? నిజం చెప్పు. నువ్వు చదువుతవా?" అతను గొంతు తగ్గించాడు. "సార్‌కి పొద్దున్నే చెప్పిన. లోపల పేర్లు రిపీట్ అయినయ్ అని. సారేమన్నడో తెలుసా? ఈ సాఫ్ట్‌వేర్ ఫస్ట్ ఇయర్, వీసీ చేతులమీద ఓపెన్ చేయించినం, తప్పు ఉన్నది అంటే మన ఇజ్జత్ పోతది అన్నడు. ఆ పిల్లనే మళ్ళ మళ్ళ నొక్కింది, అన్నిసార్లు అప్లై అయింది అని రాస్తడు. ఆమె సీటు క్యాన్సిల్. గదులు ఖాళీ. సెకండ్ ఫేజ్ నడుస్తది. నీకు గది వస్తది. నీకేం నష్టం?"

"మళ్ళ మళ్ళ నొక్కిందా?"

"నొక్కలే. నొక్కినా తీసుకోదు సిస్టం. గని ఎవనికి తెలుసు?"

నిరోష అతన్ని చూసింది. తిట్టబోయింది. పొద్దున తను అరిచింది కూడా ఇదే కదా అని ఆగింది. వీడు అబద్ధమని తెలిసి ఆడుతున్నాడు. తను తెలియక ఆడింది. గేటు ముందు తిట్లు తిన్న జెస్సికాకు ఆ రెంటికీ తేడా ఏముంది?

తార్నాక చౌరస్తా దాటి, మెట్రో స్తంభాల పక్కనుంచి గల్లీలోకి తిరిగితే ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్. జెస్సికా ల్యాబులో పనిచేసే అమ్మాయి ఒకతె అక్కడ ఉంటుంది. రెండు రోజులకు వరండాలో మంచం వేయించింది. నిరోష వెళ్ళేసరికి సాయంత్రం. జెస్సికా గేటు ముందున్న మిర్చి బండి దగ్గర నిలబడి ఫోన్‌లో మాట్లాడుతోంది.

"లేదు నాన్నా... నేనేం చేయలేదు నాన్నా... రూతు ఆంటీ అబద్ధం చెబుతుందా అంటే నేనేం చెప్పను? ... సరే. రేపు సాయంత్రం బండి. సరే, వస్తాను." ఫోన్ పెట్టేసి ఎదురుగా నిరోషను చూసింది. "ఏంటండీ, ఇక్కడ కూడా గేటుందని వచ్చారా?"

"నీతోటి మాట్లాడాలె."

"మైకు తెచ్చుకోలేదే?"

"జెస్సికా, విను. నీ పేరు అన్నిసార్లు ఎందుకొచ్చిందో నాకు ఎరుక. ఆ లైబ్రరీ నాది."

నిలబడే చెప్పింది. పెరిగే వరుస, రెండింతల గడులు, ఖాళీలో నింపే పేరు, దొడ్డి తలుపు. బండివాడు మిర్చీలు తిప్పుతూ వింటున్నాడు. జెస్సికా అడ్డు రాకుండా విన్నది. అంతా అయ్యాక ఒక్క ప్రశ్న వేసింది.

"అయితే నేను ముందు వచ్చాను కాబట్టి నా పేరు పెట్టారు."

"ఎవరు ముందొస్తే వాళ్ళది. నీదే అని కాదు."

"నాదే పడింది కదండీ. ఖాళీగా ఉందని చెప్పడానికి మీ దగ్గర ఒక మాట లేదా? తెలుగులో ఉంది. మీ యాసలోనూ ఉంది. ఖాళీ. రెండక్షరాలు. అది పెట్టడానికి చేతకాక మనిషిని తీసుకొచ్చి కూరారా?"

"పెట్టొచ్చు. పెడితే జర స్లో అయితది."

"ఎంత స్లో?"

నిరోష మిర్చి బండి వైపు చూసింది. కంటికి ఆనేంత కూడా కాదు. రెప్ప వేసేలోపు వందసార్లు అయిపోతుంది.

"చెప్పండి, ఎంత?"

"లెక్కలోకి రాదు."

"నేను కూడా రాలేదు కదండీ లెక్కలోకి" అంది జెస్సికా. "మా నాన్న రేపటి బండికి రమ్మన్నాడు. దొంగతనం చేసి దొరికిన పిల్లని చదివించడట. అన్నది ఎవరో పోకిరీ అయితే నమ్మేవాడు కాదు. రూతు ఆంటీ చెప్పింది. ఆమె పక్కన కూర్చుని పాటలు పాడాను నేను."

"తప్పయింది నాది. మాఫ్—"

"వద్దు." జెస్సికా చెయ్యి అడ్డం పెట్టింది. "ఈ గల్లీలో, మిర్చి బండి దగ్గర, ఎవరూ లేని చోట చెప్పకండి. నన్ను దొంగ అన్నది ఎక్కడ? ఎంతమంది ముందు? అక్కడ చెప్పండి. అంతకంటే చిన్న గొంతుతో చెబితే నాకు వినపడదు."

"రేపు ఎంక్వయిరీకి వస్తవా?"

"వస్తాను. సూట్‌కేసుతోనే వస్తాను. అటునుంచి అటే స్టేషన్‌కి."

"నువ్వు పోవాల్సిన పనిలేకుంట చేస్త."

"మీరు నన్ను నువ్వు అనకండి. మీకూ నాకూ అంత పరిచయం లేదు."

ఆ 'అండి' నిరోషకు చెంపమీద కొట్టినట్టే తగిలింది. ఆమె ఊళ్ళో పగవాణ్ణి కూడా నువ్వనే అంటారు. ఇంత మర్యాదతో ఇంత దూరం తోసేయొచ్చని ఆమెకు ఇవాళే తెలిసింది.

మర్నాడు సెమినార్ హాలు నిండింది. ముందు వరుసలో సుదర్శన్, రూతు మేడమ్, పక్కన ల్యాప్‌టాప్‌తో ప్రణీత్. వెనక రెండో విడత అమ్మాయిలు, వాళ్ళ వెనక యూనియన్ పిల్లలు. జెస్సికా తలుపు దగ్గర సూట్‌కేసు పక్కన నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు.

సుదర్శన్ లేచాడు. మంచి చొక్కా. మంచి గొంతు. ఇట్లాంటి గొంతుతో ఏది చెప్పినా సగం మంది తల ఊపుతారు.

"డియర్ స్టూడెంట్స్. మన అలాట్‌మెంట్ సిస్టం పూర్తిగ పారదర్శకం. మనిషి చెయ్యి పడదు. అంత కంప్యూటర్ చేస్తది. కంప్యూటర్‌కి కులం లేదు, మతం లేదు, ఆంధ్ర తెలంగాణ లేదు. ఒక అప్లికెంట్ దురాశకు పోయి మళ్ళ మళ్ళ అప్లికేషన్ పెట్టినట్టు కమిటీ తేల్చింది. ఆమె సీటు రద్దు. మిగతా గదులు రెండో విడతకు విడుదల."

చప్పట్లు మొదలయ్యాయి. నిరోష లేచింది.

"సార్, ఒక డౌటు."

"చెప్పమ్మా."

"ఒక్కసారి అప్లై చేస్తే ఒక్క గదే వస్తది. అంతే కదా సార్?"

"బరాబర్."

"మరి అందరి ముంగట ఒక్కసారి నడిపించి చూపియ్యుర్రి సార్. మీ పేరే పెట్టుర్రి. మొదటి నంబరుకు. ఒక్కటే అప్లికేషన్. మీకు ఒక్కటే గది వస్తే, ఈమె దొంగ అని నేనే మైకు పట్టి చెప్త."

ప్రణీత్ మొహం పాలిపోయింది. "సార్, గిప్పుడు వద్దు సార్. సర్వర్ మీద లోడ్—"

"ఏం లోడ్?" అన్నాడు సుదర్శన్. హాలు చూస్తోంది. వెనక్కి తగ్గితే బాగుండదు. "పెట్టు. నా పేరే పెట్టు. మనకు దాపరికం ఏముంది?"

"పోనీ టెస్ట్ పేజీ మీద పెడత సార్."

"టెస్ట్ ఎందుకయ్యా? లైవ్ పెట్టు. అందరు ఫోన్లల్ల చూస్తరు. పారదర్శకత అంటే గదే."

ప్రణీత్ ఇంకోసారి నోరు తెరిచాడు. సుదర్శన్ కళ్ళెర్రజేశాడు. పైవాడు కోప్పడితే కిందివాడు తప్పు అని తెలిసిన మీట కూడా నొక్కుతాడు. ప్రణీత్ నొక్కాడు.

తెర మీద జాబితా వచ్చింది. లేడీస్ హాస్టల్, కొత్త బ్లాకు. ఒకటో గది: ప్రొఫెసర్ సుదర్శన్. రెండో గది: జెస్సికా. తర్వాత వరసగా మిగతావాళ్ళు. పేజీ కిందికి జరిగింది. ముప్పై తొమ్మిదో గది: ప్రొఫెసర్ సుదర్శన్. నలభై: ప్రొఫెసర్ సుదర్శన్. నలభై ఒకటి: ప్రొఫెసర్ సుదర్శన్.

మొదట ఎవరూ నవ్వలేదు. చదువుతున్నారు. తర్వాత వెనక నుంచి ఒక అమ్మాయి, "అయ్యో, సార్ లేడీస్ హాస్టల్ల ఇన్ని గదులు ఏం జేస్తడే!" అంది. హాలు బద్దలైంది. వందమంది ఫోన్లు తీసి వందమందికి పంపారు. దిలీప్ బల్ల ఎక్కాడు.

"గదుల కబ్జాకోరు సుదర్శన్!"

"డౌన్ డౌన్!"

"బంద్ చెయ్! తీసెయ్ దాన్ని!" సుదర్శన్ ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి వేశాడు. ప్రణీత్ వేళ్ళు మధ్యలో ఇరుక్కున్నాయి. "ఇది సాంకేతిక లోపం! స్టూడెంట్స్, సైలెన్స్! ఇది కేవలం సాంకేతిక లోపం!"

చూశారా? జెస్సికా పేరు పడితే కబ్జా. సారు పేరు పడితే సాంకేతిక లోపం. అదే తెర, అదే జాబితా, అవే గదులు. మారింది పేరొక్కటే. కంప్యూటర్‌కి కులం లేదన్నాడు కదా, నిజమే. దాని ముందు కూర్చున్నవాళ్ళకే అన్నీ ఉన్నాయి.

"గట్లెట్ల సార్?" నిరోష గొంతు మైకు లేకుండానే హాలంతా వినపడింది. "ఇప్పుడే దురాశ అన్నరు. అంతల్నే లోపమెట్లయింది? మీరు ఎన్నిసార్లు నొక్కినరు?"

"ఏయ్, కూర్చో! ఎవరు నువ్వు?"

"లోపం పెట్టినదాన్ని నేనే. చెప్పనియ్యుర్రి." ఆమె వెనక్కి తిరిగింది. అమ్మాయిల వైపు, దిలీప్ వైపు, నిన్న గేటు ముందు తనతో పాటు అరిచిన ప్రతి మొహం వైపు. "ఇనుర్రి. ఖాళీ గడుల్ల మొదటి పేరు నింపే పని నాది. నా లైబ్రరీది. లోపలికి దొడ్డి తలుపు పెట్టింది నేను. వద్దని రాసినా దాంట్లకెల్లి దూరింది ప్రణీత్. నిన్న పొద్దున్నే తెలిసి కూడ ఆ పిల్ల మీదికి తోసింది సుదర్శన్ సార్. ఆమె ఒక్కసారే అప్లై చేసింది. అందరికంటే ముందు చేసింది. గా ఒక్కటే ఆమె తప్పు. నిన్న గేటు కాడ దొంగ అని ఒర్లింది నేను. నాకు ఏం తెల్వకుంటనే ఒర్లిన. మీరు కూడ ఏం తెల్వకుంటనే ఒర్లిన్రు. జెస్సికా దొంగ కాదు. మల్లొక్కసారి చెప్తున్న. జెస్సికా దొంగ కాదు!"

ఎవరూ డౌన్ డౌన్ అనలేదు. దిలీప్ బల్ల దిగాడు.

తలుపు దగ్గర నుంచి జెస్సికా ముందుకు నడిచింది. నిరోషను దాటి, సుదర్శన్‌ను దాటి, రూతు మేడమ్ ముందు ఆగింది. ఫోన్‌లో నంబరు నొక్కి ఆమె చేతిలో పెట్టింది.

"మా నాన్న."

"ఇప్పుడు కాదు జెస్సీ, తర్వాత నేను నిదానంగా..."

"నిన్న నిదానంగా చేశారా ఆంటీ? మాట్లాడండి. స్పీకర్ పెట్టాను."

"హలో?" జ్ఞానప్రకాశం గొంతు హాల్లోకి వచ్చింది. "హలో, ఎవరండీ?"

రూతు మేడమ్ పెదవులు తడుపుకుంది. "అన్నయ్య గారూ, నేను రూతునండి. అదీ... పొరపాటు జరిగిందండి."

"ఎవరు చేశారమ్మా పొరపాటు? మా పిల్లా?"

ఆమె సుదర్శన్ వైపు చూసింది. సుదర్శన్ గోడ వైపు చూశాడు. ఇక చూడడానికి ఎవరూ మిగల్లేదు.

"కాదండి. నేను. అమ్మాయిది ఏం తప్పు లేదండి."

"ప్రార్థనలో నా బిడ్డ పేరు ఎత్తకండి ఇంక" అని జ్ఞానప్రకాశం ఫోన్ పెట్టేశాడు.

సీటు తిరిగి ఇస్తున్నట్టు సుదర్శన్ అక్కడికక్కడే సంతకం పెట్టాల్సి వచ్చింది. 'సాంకేతిక లోపం వల్ల' అని మొదలుపెట్టాడు. నిరోష కాగితం లాక్కుని ఆ మాట కొట్టేసింది. 'కమిటీ తప్పు వల్ల' అని రాసే దాకా హాలు తలుపు దగ్గర అమ్మాయిలు కదల్లేదు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో కూర్చుని నిరోష లైబ్రరీ పగలగొట్టింది. దొడ్డి తలుపు పీకేసింది. ఒక్కో గడికి డబ్బా కట్టింది. అందులో మనిషైనా ఉండాలి, లేదా 'ఖాళీ' అనే మాటైనా ఉండాలి. ఒకరి పేరు ఇంకొకరి చోట ఇక పడదు. కొత్తది నెట్‌లో పెట్టిన కాసేపటికే ప్రణీత్ వేళ్ళకు కట్టుతో వచ్చాడు.

"ఏం చేసినవే? తలుపు తీసేస్తే నా కోడ్ మొత్తం పగిలింది. ఇంకెంతమంది వాడుతున్నరో, అందరివి పగులుతయ్!"

"పగలనియ్."

"స్లో కూడ అయితది."

"కానియ్. నీకు తొందరుంటే ఉరుకు."

సాయంత్రం రెండో విడత జాబితా వచ్చింది. ఈసారి ప్రణీత్ చేత్తో టైప్ చేశాడు, కంప్యూటర్‌ను నమ్మే ధైర్యం ఎవరికీ లేదు. నిరోషకు నలభై రెండో గది వచ్చింది. తార్నాక గది నుంచి తన బొంత, పుస్తకాలు, ప్లాస్టిక్ బకెట్ తెచ్చుకుని హాస్టల్ గేటు దగ్గర దించింది. గేటు ఇరుకు. బకెట్ దారికి అడ్డంగా ఉంది.

జెస్సికా వచ్చింది. అదే సూట్‌కేసు. చిరిగిన దుపట్టా మార్చుకోలేదు, పిన్నుతో కలిపి పెట్టుకుంది. టికెట్ రద్దు చేయించుకుని స్టేషన్ నుంచి వస్తోంది. తండ్రి రెండోసారి ఫోన్ చేశాడో లేదో, చేస్తే ఏమన్నాడో నిరోషకు తెలియదు. అడిగే హక్కు లేదని మాత్రం తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"మాట నిలబెట్టుకున్న కదా" అంది.

"అవునండీ. మీరు విరగ్గొట్టింది మీరే అతికించారు."

"రూమ్ పక్క పక్కనే కాదులే. నాది నలభై రెండు. నువ్వు... మీరు ఒకటి."

"తెలుసు. నలభై రెండు నిన్న నాదే కదా."

నిరోష నవ్వబోయింది. జెస్సికా మొహంలో నవ్వు లేదు. అది చమత్కారం కాదు.

"ఏమన్న అవసరముంటే..." అని నిరోష మొదలుపెట్టింది. తన సంచీలో ఉన్నది ఒకటే పనిముట్టు.

జెస్సికా సూట్‌కేసు పిడి పట్టుకుని ఆమె కళ్ళలోకి చూసింది. ఇట్లాంటప్పుడు కలిసిపోయినవాళ్ళయితే భుజంతో తోసి 'జరుగు' అంటారు. నిరోష ఆ మాట కోసమే ఎదురు చూసింది. అది ఆమె మాట. ఆమె పెట్టిన పేరు.

"జరగండి" అంది జెస్సికా.

నిరోష బకెట్ ఎత్తుకుని జరిగింది.